రక్షణ పొందిన మా లైన్‌మన్ నోరు

కరెంటు డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్‌ని కదా, ఫీడర్ల గురించీ ఇన్సులేటర్ల గురించీ ఏవో అడుగుతారు. తెలిసినంత చెబుతాను. లేచి వెళ్లేముందు మాత్రం అందరూ ఒకే మాట అంటారు. "సార్, జనం ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిడతన్నారు. ఎలగ తట్టుకోవాల?"

ఆ మాట వినగానే నాకు మనల్ని తిట్టే జనం గుర్తుకు రారు. జనాన్ని తిట్టిన మా లైన్‌మన్ గుర్తుకొస్తాడు. వాడి సంగతి చెప్తాను, వినండి. మీకు తట్టుకోవడం నేర్పుతుందో లేదో తెలియదు గానీ, నవ్వుకోవడానికైతే పనికొస్తుంది.

మా సెక్షన్ టెక్కలికి అవతల, సముద్రం వైపు. వరిచేలు, జీడితోటలు, కొసన భావనపాడు తీరం. ఉప్పుగాలికి సామాన్లు తొందరగా తుప్పు పట్టేవి. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఏదో ఒక ఊరికి కరెంటు పోయేది. పోయిన వెంటనే ఆఫీసులో ఫోన్ మోగేది. ఆ ఫోన్ ఎత్తేవాడు మా లైన్‌మన్.

మనిషి ఆరడుగులు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఎంత వానలోనైనా స్తంభం ఎక్కేవాడు, చేతిలో పని మధ్యలో వదిలేవాడు కాదు. చిక్కల్లా నోటితోనే.

"బాబూ, కరెంటు ఎప్పుడొస్తాది?" అని ఎవరైనా అడిగితే, "నీకేటి తొందర? ఇంట్లో సినిమా హాలేటైనా నడుపుతన్నావేటి?" అనేవాడు. ఒకసారి ఒక హైస్కూలు మేష్టారు ఫోన్ చేసి, తమ వీధిలో వోల్టేజీ తక్కువగా ఉందని, పుస్తకం చదవడం కష్టంగా ఉందని మర్యాదగా చెప్పారు. "కళ్లజోడు మార్చు మేష్టారూ, ఓల్టేజీ అదే పెరుగుతాది" అని ఫోన్ పెట్టేశాడు. ఇవి మీకు చెప్పగలిగినవి. మిగతావి చెప్పలేను, మా ఆవిడ పక్క గదిలోనే ఉంది.

రైతులు తెలివైన వాళ్లు. వాడి డ్యూటీ ఎప్పుడో చాటుగా నా దగ్గర కనుక్కునేవారు. "ఆయన స్తంభం మీదున్నప్పుడు సెప్పండి బాబూ, అప్పుడు కంప్లెయింటు ఇస్తాం" అనేవారు. మా ఏ.ఈ. మేడం, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల. మొదటి రోజునే నన్ను పిలిచి, "ఆయన్ని ఫోన్ దగ్గరకి రానివ్వకండి" అంది. సరేనన్నాను. ఫోన్ ఒక మూలన పెడితే అక్కడ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇంకో మూలన పెడితే కుర్చీ అక్కడికి వెళ్లేది.

వాడూ నేనూ బావా అంటే బావా అనుకునేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు స్నేహం ముదిరితే అలాగే పిలుచుకుంటారు. ఆ లెక్కన వాడి భార్య నన్ను అన్నయ్యా అనేది. ఆవిడ చాలా ఏళ్లుగా ప్రభువుని నమ్ముకున్న మనిషి. పక్క ఊళ్లో రేకుల షెడ్డులో చిన్న చర్చి ఉండేది. ప్రతి ఆదివారం వీడు బండి మీద తీసుకెళ్లి గేటు దగ్గర దింపి, ఎదురుగా ఉన్న టీ బడ్డీలో కూర్చునేవాడు. లోపల ప్రార్థన జరుగుతుంటే బయట వీడి వ్యాఖ్యానం. అయ్యగారి గొంతు కన్నా వీడి గొంతే పెద్దది.

అయ్యగారంటే పాస్టరు గారు. పొట్టిగా, పీలగా ఉండేవారు. వారమంతా బజారులో కుట్టుమిషను మీద పని, ఆదివారం ప్రసంగం. ఒక ఆదివారం ఎండ మండిపోతుండగా చర్చిలో ఫ్యాన్లు ఆగిపోయాయి. భార్య వచ్చి పిలిస్తే వీడు టీ గ్లాసు పక్కన పెట్టి, విసుక్కుంటూ లోపలికి వెళ్లి నిచ్చెన ఎక్కాడు. అయ్యగారి మైకు బ్యాటరీ మీద నడిచేది, అందుకని ప్రసంగం ఆగలేదు. పైగా కరెంటు మనిషి ఎదురుగా ఉన్నాడు కదా అని ఆయనకి ఒక పోలిక తోచింది.

"దేవుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లాంటోడు. మనం బల్బులం. తిన్నగా ఎల్లి ఆ తీగ పట్టుకుంటే సాలు, ఎలిగిపోతాం!"

నిచ్చెన మీద నుంచి కేక వినపడింది. "ఎలిగేదేటయ్యా, మాడి మసైపోతారు! పదకొండు వేల ఓల్టులు అది! ఎవురైనా నిజంగా పట్టుకుంటే నా సావుకొస్తాది!"

కళ్లు మూసుకున్న వాళ్లంతా తెరిచారు. భార్య తలమీద కొంగు ముఖం మీదకి లాక్కుంది. అయ్యగారు మాత్రం మైకు పట్టుకునే, "అయితే ఎలగ సెప్పాల బాబూ?" అని అడిగారు.

"మజ్జిలో ఫ్యూజు ఉండాల. ఎర్తు ఉండాల. ఊరికే పట్టుకోమంటే ఎలగ?"

"మరి ఆ ఎర్తంటే ఏటి అనుకోవాల?"

"అది మీరు సెప్పాల. కరెంటు నాకు తెల్సు. దేవుడు నాకేటి తెల్సు?"

ఆ పై ఆదివారం అయ్యగారే టీ బడ్డీకి వచ్చారు. తను చెప్పబోయే పోలికలు ముందుగా వీడికి వినిపించి సరిచేయించుకున్నారు. అది అలవాటైంది. కొన్నాళ్లకి వీడికి అనుమానం వచ్చింది, తను సరిచేసిన మాటలు లోపల సరిగ్గా చెబుతున్నారా లేదా అని. చూద్దామని గుమ్మం దాకా వెళ్లాడు. గుమ్మం దగ్గర సరిగ్గా వినపడక వెనక వరసలో కూర్చున్నాడు. ఆ తరవాత ఏం జరిగిందో నాకు తెలియదు. అలాంటివి బయటి వాళ్లకి కనపడవు. ఒకరోజు ఫ్యూజు కడుతూ కడుతూ, "బావా, నాను బాప్తిస్మం తీసుకుంతన్నాను" అన్నాడు. నేను పట్టుకున్న నిచ్చెన వదిలేయబోయాను.

బాప్తిస్మం భావనపాడు సముద్రంలో. ఆఫీసులో అందరం వెళ్లాం. భక్తితో కాదు, చూద్దామని. అయ్యగారు వీడి భుజం దాకా కూడా రారు. ఇద్దరూ నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు. అయ్యగారు ప్రార్థించి, వీడిని వెనక్కి వాల్చి ముంచారు. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కెరటం వచ్చి ఇద్దర్నీ కలిపి పడగొట్టింది. ఒడ్డున పాట ఆగిపోయింది. కాసేపటికి వీడు పైకి లేచాడు, ఒక చేత్తో అయ్యగారిని పిల్లాడిలా ఎత్తి పట్టుకుని. నోట్లోంచి ఉప్పునీళ్లు ఉమ్మి, ఆ కెరటాన్ని దాని అమ్మానాన్నలతో కలిపి తిట్టాడు.

వాళ్ల భాషలో రక్షణ పొందిన మనిషి మొదటి మాట అది.

ఒడ్డున చర్చి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్లీ ముంచాలేమోనని ఒకాయన అన్నాడు. అయ్యగారు చెవిలో నీళ్లు దులుపుకుంటూ నవ్వారు. "అక్కర్లేదు. ముంచడం అయిపోనాది. ఇంక ఉతకడం మొదలు."

సోమవారం ఆఫీసులో ఫోన్ మోగింది. మేమంతా పని ఆపి చెవులు అప్పగించాం. వీడు ఫోనెత్తి, "ప్రైజ్ ద లార్డ్ అండీ! ఏటి కావాలండీ?" అన్నాడు. అవతలివాడు పెట్టేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ అదే పలకరింపు, మళ్లీ పెట్టేశాడు. మూడోసారి అవతలివాడు భయం భయంగా, "కరెంటాఫీసేనా అండీ?" అని అడిగాడు. మా వాడికి చిర్రెత్తింది. "కాకపోతే నీ అత్తారిల్లేటిరా ఎదవా! ఎన్నిసార్లు పెట్టేస్తావు!" అని అరిచాడు. అవతలివాడి గొంతులో ప్రాణం వచ్చింది. "అమ్మయ్య, కరెంటాఫీసే. మా వీధిలో ఫ్యూజు పోనాది బాబూ."

అప్పటినుంచి ఆఫీసుకి కొత్త కష్టం మొదలైంది. పొద్దున తిట్టడం, సాయంత్రం బండేసుకుని ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడగడం. ఊరికే అడిగితే పర్వాలేదు, అరుగు మీద కూర్చుని తన తప్పు మొదటినుంచీ వివరించేవాడు. ఒక రైతు నా దగ్గరకొచ్చి చేతులు జోడించాడు. "తిడితే పడతాం బాబూ, అలవాటే. ఈ సమాపణలు మాత్రం మా వల్ల కాదు. నిన్న గేదెలకి గడ్డి ఎయ్యడం లేటైపోనాది."

తరవాత ఇంకో దశ వచ్చింది. తిట్టు సగం దాకా వచ్చేది, అక్కడ పట్టుబడేది, పట్టుబడ్డాక వేరే దారిలో బయటపడేది. "నీ య..." అని గట్టిగా మొదలెట్టి, ఆగి, గుటక మింగి, "...యోగక్షేమాలు ఎలగున్నాయండీ?" అని ముగించేవాడు. అంత కోపంగా యోగక్షేమాలు అడిగిన మనిషిని నేను నా సర్వీసులో చూడలేదు. ఏ.ఈ. మేడం ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వేది.

మేం నవ్వాం గానీ, వాడు నవ్వలేదు. ఒకసారి ఒక ముసలావిడ ఫోన్ చేసింది. ఒంటరి మనిషి. ఫ్యాను తిరగడం లేదని, నిద్ర పట్టడం లేదని నసిగింది. వాడు అప్పటికి రెండు ఊళ్లు తిరిగి అలిసిపోయి ఉన్నాడు. ఏదో అనేశాడు. ఏమన్నాడో వినలేదు గానీ, అవతల ఆవిడ ఏడవడం నాక్కూడా వినిపించింది. వెంటనే వెళ్లి ఫ్యాను బాగుచేసి వచ్చాడు. కానీ ఆ ఆదివారం భార్యని చర్చి గేటు దగ్గర దింపి మళ్లీ టీ బడ్డీలో కూర్చున్నాడు. ఆ పై ఆదివారం కూడా.

నేను తోడుగా వెళ్లాను. "నాను మోసగాడిని బావా. నీళ్లలో మునిగొచ్చాను, అంతే. లోపల పాత మనిషే ఉన్నాడు. అందర్ని నవ్వించడానికి తప్ప ఎందుకీ ఏసం?" అన్నాడు. నేను ఆ మతం మనిషిని కాను, రక్షణ అంటే ఏమిటో నాకు తెలియదు. ఒకసారి చేయిస్తే అయిపోయే పని అనుకునేవాణ్ని, మా పిల్లలకి పోలియో చుక్కలు వేయించినట్టు.

ఇంతలో అయ్యగారు ప్రసంగం ముగించుకుని రోడ్డు దాటి వచ్చి మా బల్ల మీదే కూర్చున్నారు.

"లోపలికి రాలేదేటి?" అన్నారు.

"రాను. మీ ముంచుడు నాకు పట్టలేదు అయ్యగారూ."

"ఒక మాట సెప్పు. ముందర నువ్వు ఎవుర్నైనా తిడితే, బాధ ఎప్పుడు కలిగేది?"

"కలిగేదే కాదు. ఆకలేసేది."

"మరి మొన్న ఆ ముసలమ్మని ఏదో అన్నావంట, మీ ఆవిడ సెప్పింది. అప్పుడు?"

వాడు తలొంచుకున్నాడు. "మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే గుచ్చుకున్నాది."

"ఆ గుచ్చుకునేది ఎవురు పెట్టారు నీలోన? నువ్వు పెట్టుకున్నావేటి?"

అయ్యగారు టీ ఊదుకుని తాగారు. "కరెంటు నాకు తెల్దు, నువ్వే తిడతావు. గుడ్డ తెల్సు. కొలతలు తీసిన రోజే సొక్కా అయిపోదు బాబూ. కత్తిరించాల, కుట్టాల, తొడిగి సూడాల, బాగోపోతే ఇప్పి మళ్లీ కుట్టాల. ఆయన నిన్ను తన గుడ్డే అనేశాడు, అందులో డౌటు లేదు. కానీ నువ్వింకా మిషను మీదున్నావు. సూది దిగతన్నాదని మజ్జిలో లేచిపోతానంటే ఎలగ?"

"ఎన్నాళ్లు కుడతాడు?"

"నా వయసు సూడు. నన్నింకా కుడతన్నాడు."

వాడికి ఆ పోలికలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అందుకు కొంచెం నిరాశపడ్డట్టు కూడా కనిపించాడు. తరవాతి ఆదివారం లోపలికి వెళ్లాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి వాడి భార్యని అడిగాను. "ఏమ్మా, మీ ఆయన మారాడా?" అని. ఆవిడ వంకాయలు కోస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "మారాడు అని నాను సెప్పను అన్నయ్యా. మారతన్నాడు."

ఇక తుపాను సంగతి. మా వైపు వాళ్లకి తుపానుల గురించి చెప్పక్కర్లేదు. ఆ ఏడాది వచ్చింది జీడితోటల్ని తుడిచిపెట్టేసింది. స్తంభాలు పుల్లల్లా విరిగాయి. ఎక్కడెక్కడి నుంచో సిబ్బందిని దింపినా, ఒక్కో ఊరికీ మళ్లీ కరెంటు ఇవ్వడానికి చాలా రోజులు పట్టింది. సముద్రం ఒడ్డున ఒక ఊరికి అన్నిటికన్నా ఆఖర్న వెళ్లగలిగాం. అంతవరకు దారే లేదు.

జీపు ఊరి మొదట్లోకి రాగానే జనం అడ్డం నిలబడ్డారు. మేడం దిగి ఏదో చెప్పబోయింది, వినే స్థితిలో ఎవరూ లేరు. మా వాడు తాడు భుజాన వేసుకుని, నడుముకి సేఫ్టీ బెల్టు పెట్టుకుంటూ దిగాడు. గుంపులోంచి ఒక యువకుడు దూసుకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇన్నాళ్లకి గుర్తొచ్చామేట్రా మీకు!" అంటూ మా వాడి చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడు జీపులో ఉన్న డ్రైవరుకి కూడా వినపడింది.

నేను కళ్లు మూసుకున్నాను. ఆ యువకుడు మా వాడి చంకలోకి కూడా రాడు. ఏమవుతుందో నాకు తెలుసు. ఇంతకు ముందు ఒకసారి, ఒక మాట పడినందుకే వాడు ఒక లారీ క్లీనర్ని పంటకాలవలో పడేశాడు. కళ్లు తెరిచేసరికి మా వాడు కదలకుండా నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని గట్టిగా బిగించి ఉంచాడు. పాపం, ఎంత కష్టపడి ఆపుకుంటున్నాడో అనుకున్నాను. ఊరంతా చూస్తోంది.

వాడు ఆ యువకుడి ముఖంలోకి చూసి, మామూలు గొంతుతో అడిగాడు. "తమ్ముడూ, మీ ఇంట్లో ఎవురికి బాగోలేదు?"

ఆ యువకుడు ఒక్కసారిగా ఏడ్చేశాడు. తల్లికి ఉబ్బసం. ఊపిరాడనప్పుడు మందు పీల్చే మిషను కరెంటు మీద నడుస్తుంది. దారి లేక ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయాడు. పొద్దుటినుంచి ఆవిడ కూర్చోలేకపోతోంది, పడుకోలేకపోతోంది.

"మరి ఇక్కడ నన్ను కొడతా నిలబడ్డావేట్రా! జీపు కాళీగా ఉన్నాది కదా!" అన్నాడు మా వాడు. మేడం వెంటనే డ్రైవర్ని పంపింది. అడ్డం నిలబడ్డ వాళ్లే మంచంతో సహా ఆ తల్లిని మోసుకొచ్చి జీపెక్కించారు. వీధిలో అడ్డం పడిన కొమ్మలు వాళ్లే లాగేశారు. జీపు టెక్కలి వైపు వెళ్లిపోయింది. ఆవిడ బతికింది. ఆ తరవాత చాలా ఏళ్లు బతికి, మా అందరికీ జీడిపప్పు పంపేది.

జీపు వెళ్లాక ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. తాళ్లు పట్టుకున్నారు, స్తంభాలు నిలబెట్టారు, కొబ్బరినీళ్లు తెచ్చిచ్చారు. మా వాడి వైపు మాత్రం కొంచెం భయంగా చూశారు. వాళ్లకి తెలిసిన లైన్‌మన్ వాడు కాదు. అంత నెమ్మదైన మనిషి స్తంభం ఎక్కితే నిజంగా కరెంటు వస్తుందా అన్నట్టు చూశారు.

సాయంత్రానికి ఒక్క అడ్డంకి మిగిలింది. ఒక మామిడికొమ్మ విరిగి తీగల మీద వాలి ఉంది. వాడు స్తంభమెక్కి, బెల్టు కట్టుకుని, కొమ్మ మీద కత్తి వేశాడు. ఆ కొమ్మనిండా ఎర్రచీమల గూళ్లున్న సంగతి ఎవరూ చూడలేదు. ఒక గూడు చితికి తిన్నగా వాడి చొక్కాలో పడింది.

అప్పుడు వినాలి మీరు. బాప్తిస్మం నాటినుంచి మింగిన తిట్లలో ఒక్కటీ పోలేదు, అన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి. చీమల్నీ, చెట్టునీ, చెట్టు నాటినవాణ్నీ, వాడి తాతనీ వరసగా తిట్టాడు. ఒక చేత్తో గోక్కుంటూ, ఇంకో చేత్తో కొమ్మ నరుకుతూ, ఆగకుండా తిట్టాడు. కింద మేడం చెవులు మూసుకుంది. ఊళ్లో ముసలాయన ఒకడు తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "హమ్మయ్య! మన లైన్‌మనే! ఈ రేత్రికి కరెంటొచ్చేస్తాది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

కొమ్మ పడింది. లైను చార్జ్ చేశాం. వీధిదీపాలు వెలిగాయి, పిల్లలు కేకలు వేశారు. వాడు స్తంభం దిగి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లి, ఒడ్డుకి లాగిన ఒక చేపల పడవ పక్కన ఇసకలో కూర్చున్నాడు. ఒళ్లంతా దద్దుర్లు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పోనాది బావా. కట్టుకున్నదంతా ఒక్క నిమషంలో పోనాది" అన్నాడు.

"చీమల్ని తిడితే ఏం పోతుందిరా? పొద్దున ఆ కుర్రాడి దగ్గర ఎంత నిగ్రహం చూపించావు! చెయ్యి వెనక్కి పెట్టుకుని అంత గట్టిగా బిగించి ఆపుకున్నావే, అది చాలదా?"

వాడు నా వైపు అర్థం కానట్టు చూశాడు. "ఏ సెయ్యి?"

"కుడిచెయ్యి. వెనక్కి పెట్టుకుని..."

"అదా? సేఫ్టీ బెల్టు బకిలు ఊడిపోనాది. జారిపోతంటే ఎనకనించి పట్టుకున్నాను."

నాకు నవ్వాగలేదు. వాడూ నవ్వాడు. తరవాత నవ్వడం మానేసి, సముద్రం వైపు తిరిగాడు.

"నిజం సెప్తున్నాను బావా. నాను ఏటీ ఆపుకోలేదు. అతను కొట్టగానే, ఇంక కోపం వస్తాదని నిలబడ్డాను. ఎప్పుడూ తన్నుకుంటా వస్తాది కదా! వచ్చాక ప్రార్థన సేసుకుందాం అనుకున్నాను. సూసాను, సూసాను. రాలేదు. ఆ కుర్రోడి మొకమే కనపడతన్నాది గానీ కోపం రాలేదు. ఏ రోజు పోనాదో, ఎలగ పోనాదో నాకే తెల్దు. భయమేసింది బావా."

వాడు తన కుడిచేతిని ముందుకు చాపి, అరచెయ్యి తిప్పి, వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నాడు. అద్దెకున్నవాడు చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లిపోతే, ఇంటాయన వచ్చి గది గదీ తలుపు తీసి చూసుకుంటాడే, అలా చూసుకున్నాడు.